ఎంగిలి

పైరూముల దిగిన నాడు
సీసా మూతికి పెట్టి గటగట తాగి
నా దిక్కు చాపింది
దూప అయితుందేమో అని.
నేను ఒక్క అడుగు ఎనుకకు జరిగిన.
గంతే.
ఆ అడుగును కొలిచి పెట్టుకున్నదని
చాన దినాలకు గాని తెల్వలే.

పేరు సెలామావిత్.
ఇథియోపియా.
మూసీ నీళ్లల్ల ఏమేం కలిసినయో లెక్కతీసే చదువు.
జిరాక్సు మిషిను మీద ఆమె పాస్‌పోర్టు పెట్టి
అంత పొడుగు పేరు నోరు తిరుగక
సెలిమె అన్న.
ఎండిన వాగుల ఇసుక తోడితే ఊరే నీళ్లని చెప్తే
నిలబడే నోటుబుక్కుల రాసుకున్నది.

ఒకనాడు కరెంటు పోయి మిషిను ఆగితే
మెట్ల మీద కూసోని ఆ బుక్కు చదివి వినిపిచ్చింది.

ఉప్పు చేతికి ఇయ్యొద్దు. గిన్నె కింద పెట్టాలె.
ఎవరన్న తుమ్మితే ఆగి, నీళ్లు తాగి పోవాలె.
డబ్బా ఉత్తగ వాపసియ్యొద్దు, ఏం లేకుంటే చక్కెరన్న పొయ్యాలె.
తల అటిటు ఊపితే సరే అని.
కొంచెం వేరే తీరు ఊపితే కాదు అని.
(తేడా: నాలుగు నెలలాయె, తెల్వలే.)
ఆటో ఆయన అన్న. మీటర్ మీద మోసం చేసినా అన్ననే.
"తిన్నవా" అన్నది అడుగుడు కాదు.
ఎదురింటామెకు పొద్దుగాల ఏం తిన్ననో మొత్తం చెప్పిన,
తార్నాక బస్సు పోయింది.
పోతున్న అనొద్దు, పోయొస్త అనాలె.
థాంక్స్ అంటే అండాలక్కకు కోపం. ఎందుకు?

ఎందుకు కింద రెండు గీతలు.

పరాయోళ్లకు చెప్తరు బిడ్డా థాంక్స్ అని
అనబోయిన.
మాట గొంతుల ఇరికింది.
ఎందుకంటే గూట్ల ఆమె గిలాస వేరే ఉన్నది.
పెట్టింది నేనే.
చాయ్ హోటల్ల తన గిలాస తానే కడిగి
చూరుల బోర్లిచ్చి వచ్చిన మా నాయిన
బిడ్డను నేనే.

గప్పుడే కరెంటు వచ్చింది.
ఎవలదో హాల్‌టికెట్ మూడు కాపీలు తియ్యాలెనని లేచిన.

ఐతారం నాడు పైకి పిలిచింది.
పచ్చి కాఫీ గింజలు పెనం మీద ఏంచితే
ఆ పొగకు మాణికేశ్వర్‌నగర్ సగం గల్లీ తలలెత్తి చూసింది.
చెవులు లేని చిన్న కప్పులు.
ఒకటి తాగిన. రెండోది తాగిన.
షటర్ తెరవాలె అని లేస్తుంటే
"మూడోది తాగకుంట లేవొద్దక్కా,
మా తాన అట్ల లేస్తే..."
అని ఆపేసింది.
రాసుకోను నా తాన బుక్కు లేదు.
మల్ల కూసున్న.

అటెన్క పళ్లెం తెచ్చింది.
పళ్లెమంత దోశ, పులిసి పులిసి చిల్లులు పడ్డది,
నడిమిట్ల ఎర్రటి పప్పు.
రెండో పళ్లెం కోసం చూసిన.
లేదు.
ఒక తునక తెంపి, పప్పు చుట్టి
ఇంత పెద్ద ముద్ద చేసి నా నోటి దిక్కు లేపింది.
చిన్న ముద్ద పెడితే చిన్న ప్రేమ అన్నట్టంట.

ఆ చెయ్యి నడిమిట్ల ఆగింది.
మొదటి నాటి అడుగు ఎంతనో
సరిగ్గ అంత దూరంల.

నేను నోరు తెరిచిన.
మందు తాగే పోరగాని లెక్క కండ్లు మూసుకోని.

పులుపు. కారం మనకంటె ఒక పిసరు ఎక్కువే.
ఆమె వేళ్లు నా పెదిమెలకు తాకినయి.
తాకితే ఏమైతదో అని నలభై ఆరేండ్లు కాసుకున్న కదా,
ఏం కాలే.
కండ్లల్ల నీళ్లు వచ్చినయి, కారానికే అన్న.
ఆమె నమ్మినట్టు తల ఊపింది,
ఆ వేరే తీరు.

గిలాస ఇంకా ఉన్నది.
దుకాణంల, గల్లాపెట్టె పక్కన,
స్టాప్లర్ పిన్నులు పోసిపెట్టిన.
ఇంత మంచి గిలాసల పిన్నులేంది అక్కా
అని పిల్లలు అడుగుతనే ఉంటరు.
ఎందుకో
నేను ఇంక రాసుకోలే.